కనపడని అంకెలకు సంతకం

అమెరికాలో కాలేజీ చదువుకి ప్రభుత్వ సాయం కోరే ప్రతి కుటుంబమూ ఏదో ఒక సాయంత్రం ఫాఫ్సా ముందు కూర్చోవాలి. కేంద్ర విద్యార్థి సహాయం కోసం పెట్టుకునే ఉచిత దరఖాస్తుకి అది పొట్టి పేరు. పిల్ల తన భాగం నింపి అమ్మకో నాన్నకో ఆహ్వానం పంపుతుంది. వాళ్లు లాగిన్ అయ్యాక ఒక పేజీ తెరుచుకుంటుంది: మీ పన్ను వివరాలు కేంద్ర పన్ను శాఖ అయిన ఐఆర్‌ఎస్ నుంచి నేరుగా తెప్పించుకోవడానికి సమ్మతిస్తారా? సరేనంటే ఆదాయానికి సంబంధించిన ప్రశ్నలు చాలామటుకు తప్పుతాయి. కాదంటే ఆ పిల్లకి కేంద్ర సాయమే లేదు. సరేనన్నవాళ్లకి కూడా ఐఆర్‌ఎస్ ఏ అంకెలు పంపిందో తెర మీద చూపించరు. దరఖాస్తు మొత్తం నిజమేనని సంతకం మాత్రం పెట్టించుకుంటారు.

ఇలా తెప్పించిన లెక్కల్ని మళ్లీ సరిచూడాలా, చూస్తే ఎవరు చూడాలి, ఎంతవరకు చూడాలి? ఈ చర్చ ఒకప్పుడు కాలేజీ సహాయ కార్యాలయాల లోపలే సాగేది. 2024లో ఫాఫ్సా తలకిందులయ్యాక వీధిన పడింది. ఇందులో విద్యావేత్తల మాట ఒకటి, ఆడిటర్ల మాట ఒకటి, కాలేజీ అధికారుల మాట ఇంకొకటి. గోప్యత కోరేవారి భయాలు వేరు. ఎవరి మాటలో ఎంత పస ఉందో చూడాలంటే ఈ తనిఖీ ఎలా మొదలైందో ముందు చూడాలి.

కాగితాల కాలం

ఉన్నత విద్యా చట్టం 1965లో వచ్చింది. తక్కువ ఆదాయాల విద్యార్థులకిచ్చే ఈనాటి పెల్ గ్రాంటుకి 1972లో పునాది పడింది. ఆదాయాన్ని బట్టి డబ్బిచ్చే పథకం ఏదైనా, చెప్పిన ఆదాయం నిజమేనా అన్న ప్రశ్న దాని వెంటే వస్తుంది. అందుకని కంప్యూటరు కొన్ని దరఖాస్తుల్ని పక్కకి తీసేది. ఆ విద్యార్థులు తల్లిదండ్రుల ట్యాక్స్ రిటర్ను నకళ్లు, జీతం వివరాలుండే డబ్ల్యూ-2 కాగితాలు కాలేజీకి అప్పజెప్పాలి. అక్కడి ఉద్యోగి ఒక్కో గడీ పోల్చి చూసేవారు. ఒక కాలేజీ తన దరఖాస్తుదారుల్లో 30 శాతానికి మించి తనిఖీ చేయనక్కర్లేదన్న పరిమితి చాలాకాలం నడిచింది.

పన్ను శాఖనే అడిగితే పోదా అన్న ఆలోచన పాతదే. 1998 సవరణల్లో విద్యాశాఖకి ఆ అధికారం ఇచ్చారు కూడా. అయినా పని జరగలేదు. పన్ను చట్టంలోని 6103వ సెక్షన్ ప్రకారం పౌరుడి పన్ను వివరాలు ఇంకో శాఖకి ఇవ్వకూడదు. నిక్సన్ కాలంలో పన్ను కాగితాలు రాజకీయ కక్షలకి వాడుకున్న అనుభవం తర్వాత, 1976లో ఆ సెక్షన్‌ని అంత గట్టిగా బిగించారు. విద్యా చట్టం తలుపు తీసినా పన్ను చట్టం గొళ్లెం తీయలేదు. అది తీయడానికి ఇంకో ఇరవై ఒక్క ఏళ్లు పట్టింది.

ఈలోగా 2010లో ఒక మధ్యేమార్గం దొరికింది. పన్ను చెల్లించే మనిషే ఫాఫ్సా నుంచి ఐఆర్‌ఎస్ సైటుకి వెళ్లి, తన వివరాలు తనే అడిగి, తనే ఫాఫ్సాలోకి పంపుకునే సదుపాయం అది. డేటా రిట్రీవల్ టూల్ అన్నారు. తన సమాచారం తనే తీసుకుంటున్నాడు కాబట్టి చట్టానికి అడ్డు లేదు. 2012-13 నుంచి తనిఖీ నిబంధనలూ మారాయి. టూల్‌తో తెచ్చి, ఒక్క అంకె కూడా మార్చకుండా ఉంచితే ఆ గడీలకి మళ్లీ రుజువు అడగరు. టూల్ వాడనివాళ్లు మామూలు నకలు ఇస్తే చాలదు, ఐఆర్‌ఎస్ ముద్రించే ట్రాన్‌స్క్రిప్టే తేవాలి. 30 శాతం పరిమితి కూడా అప్పుడే పోయింది.

"తెచ్చుకున్న లెక్క అంటే సరిచూసిన లెక్క" అన్న సూత్రం పుట్టింది ఇక్కడే. ఈనాటి చర్చంతా ఆ సూత్రం చుట్టూనే తిరుగుతోంది.

పన్ను గుమాస్తా బల్ల మీద ఒక ప్రయోగం

ఆ సూత్రానికి బలమిచ్చిన పరిశోధన ఒకటుంది. 2008లో ఎరిక్ బెటింగర్, బ్రిడ్జెట్ టెరీ లాంగ్, ఫిలిప్ ఓరియోపౌలస్, లీసా సాన్‌బొన్‌మట్సు కలిసి ఒహాయో రాష్ట్రంలోనూ, నార్త్ కరోలినాలోని షార్లట్‌లోనూ ఒక ప్రయోగం చేశారు. తక్కువ, మధ్యతరగతి ఆదాయాల వాళ్లు పన్ను లెక్కలు వేయించుకోవడానికి హెచ్ అండ్ ఆర్ బ్లాక్ అనే సంస్థ కార్యాలయాలకి వస్తారు. రిటర్ను పూర్తయిన వెంటనే అదే బల్ల దగ్గర, అవే అంకెలతో అక్కడి ఉద్యోగి వాళ్ల ఫాఫ్సా కూడా నింపిపెట్టారు. ఇంకో బృందానికి ఎంత సాయం రావచ్చో చెప్పి పంపేశారు, ఫారం నింపలేదు.

ఫారం నింపిపెట్టిన ఇళ్లలో, హైస్కూలు ముగించబోతున్న పిల్లల్లో కాలేజీకి చేరినవాళ్లు 34 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. సమాచారం మాత్రమే అందుకున్న ఇళ్లలో చెప్పుకోదగ్గ మార్పే లేదు. ఆ పిల్లలకి అడ్డం పడింది తెలియకపోవడం కాదు, ఫారమే. దీనికి ముందే సూసన్ డైనార్‌స్కీ, జుడిత్ స్కాట్-క్లేటన్ ఇంకో సంగతి చూపించారు. ఫాఫ్సాలోని వందకు పైగా ప్రశ్నల్లో ఎక్కువవాటిని తీసేసినా, పన్ను రిటర్నులోని కొద్దిపాటి అంకెలతోనే దాదాపు అదే సాయం లెక్కతేలుతుంది. పన్ను అంకెల్ని నేరుగా తెప్పించాలన్న ఉద్యమానికి ఈ రెండు పరిశోధనలే వెన్నెముక అయ్యాయి.

దొంగల దారి

2017 మార్చి 3న డేటా రిట్రీవల్ టూల్ ఉన్నట్టుండి ఆగిపోయింది. దొంగలు ఎవరివో సోషల్ సెక్యూరిటీ నంబర్లు, పుట్టినతేదీలు సంపాదించి విద్యార్థుల్లా ఫాఫ్సా మొదలుపెట్టారు. టూల్ ద్వారా అసలు మనిషి ఆదాయం అంకె రాబట్టారు. ఆన్‌లైన్లో పన్ను రిటర్ను వేసేవారి గుర్తింపుకి వాడే అంకెల్లో కిందటేడాది ఆదాయం ఒకటి. అది చేతిలో ఉంటే దొంగ రిటర్ను వేసి రీఫండు కొట్టేయవచ్చు. లక్షమంది దాకా వివరాలు ప్రమాదంలో పడి ఉండవచ్చని, సుమారు 8,000 దొంగ రిటర్నులకి 3 కోట్ల డాలర్ల దాకా చెల్లింపులు జరిగాయని అప్పటి ఐఆర్‌ఎస్ కమిషనర్ జాన్ కోస్కినెన్ సెనెట్‌కి చెప్పారు.

దరఖాస్తుల కాలం మధ్యలో టూల్ పోవడంతో ఇళ్లలో గందరగోళం మొదలైంది. విద్యాశాఖ వెనక్కి తగ్గి, సంతకం పెట్టిన రిటర్ను నకలైనా సరేనంది. అక్టోబరులో టూల్ తిరిగొచ్చింది, కానీ అంకెలు కనపడకుండా. గడీలో ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిందన్న మాట ఒక్కటే ఉండేది.

దొంగ కళ్లకి కప్పిన ముసుగు సొంతదారు కళ్లకీ కప్పారు. ఆనాటి అవసరం అర్థమయ్యేదే. అప్పటి జాగ్రత్తగా వచ్చిన ఆ ముసుగు ఇప్పటికీ తొలగలేదన్నదే చింతించాల్సిన సంగతి.

2019 డిసెంబరు 19న ఫ్యూచర్ చట్టం వచ్చింది. 6103వ సెక్షన్ని సవరించి, సమ్మతి ఇచ్చినవారి వివరాల్ని ఐఆర్‌ఎస్ నేరుగా విద్యాశాఖకి పంపవచ్చని తేల్చింది. ఏడాది తిరిగేసరికి, 2020 డిసెంబరులో, ఫాఫ్సా సరళీకరణ చట్టం కూడా వచ్చింది. ప్రశ్నలు తగ్గాయి. కుటుంబం ఎంత భరించగలదో తేల్చే పాత లెక్క పోయి స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ వచ్చింది. మధ్యలో కోవిడ్ కాలంలో, 2021 జూలైలో, విద్యాశాఖ ఆ ఏడాదికి ఆదాయ తనిఖీని చాలావరకు ఎత్తేసింది. దీనివల్ల తక్కువ ఆదాయ కుటుంబాల నుంచి, నల్లజాతి తదితర వర్గాల నుంచి దాదాపు 2 లక్షలమంది అదనంగా కాలేజీలో చేరగలరని లెక్కగట్టింది. తనిఖీ ఎందరిని గుమ్మంలోనే ఆపేస్తోందో ప్రభుత్వం తనంతట తాను ఒప్పుకున్న సందర్భం అది.

2024 వసంతం

కొత్త ఫాఫ్సా అక్టోబరులో రావాల్సింది 2023 డిసెంబరు 30న, అదీ రోజులో కొన్ని గంటలు మాత్రమే తెరుచుకుంది. కాలేజీలకి రికార్డులు మార్చి నెలలో గానీ అందలేదు. ధరల పెరుగుదలకి తగ్గట్టు పట్టికలు సవరించడం మరిచారు, సరిదిద్దుతామని జనవరిలో విద్యాశాఖ చెప్పింది. విద్యార్థుల ఆస్తుల గడీలు లెక్కలోకి రాలేదని మార్చిలో తెలిసింది. ఆ వెంటనే మూడో తప్పు బయటికొచ్చింది. ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిన పన్ను వివరాల్లోనే పొరపాట్లున్నాయి. సవరించిన రిటర్నులు వేసినవారి విషయంలో, విద్యా పన్ను రాయితీల విషయంలో తప్పు అంకెలు దిగాయి. లక్షల రికార్డుల్ని ఏప్రిల్‌లో మళ్లీ లెక్కకట్టాల్సి వచ్చింది. మామూలుగా మే 1కల్లా ఏ కాలేజీలో చేరాలో తేల్చుకోవాల్సిన పిల్లలు, ఎంత సాయం వస్తుందో తెలియకుండా ఏప్రిల్ అంతా ఎదురుచూశారు.

ఈ తప్పు పట్టుకున్నది ఎవరన్నది చూడాలి. తెర మీద అంకెలు లేవు కాబట్టి కుటుంబాలు పట్టుకోలేవు. నేరుగా వచ్చిన లెక్క తనిఖీ అయిపోయినట్టే కాబట్టి కాలేజీలు రిటర్నులు అడగనక్కర్లేదు. అయినా కొందరు సహాయ అధికారులు అనుమానమొచ్చి పోల్చి చూశారు, పొంతన కుదరడం లేదని గట్టిగా చెప్పారు. నిబంధన ప్రకారం ఎవరూ సరిచూడనక్కర్లేని చోట, అలవాటు కొద్దీ సరిచూసిన చేతులు పనికొచ్చాయి.

నాలుగు వాదాలు

మొదటిది సరళీకరణ వాదం. ప్రతి అదనపు కాగితమూ ఒక పేద విద్యార్థిని రాలగొడుతుంది కాబట్టి పన్ను శాఖ అంకె చాలు, మళ్లీ అడగొద్దు అంటుంది. పైన చెప్పిన ప్రయోగం వీళ్ల ఆయుధం. పెల్ గ్రాంటుకి అర్హులైనవాళ్లే ఎక్కువగా తనిఖీకి ఎంపికవుతారన్నది వీళ్ల ఆవేదన, అది నిజం కూడా.

ఖజానా కాపలాదారుల వాదం రెండోది. విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం, ఆడిటర్లు, కాంగ్రెసులో కొందరు ఈ వైపు. అనర్హులకి పోయే ప్రతి డాలరూ అర్హుడి దగ్గర తీసుకున్నదే అంటారు. ఐఆర్‌ఎస్‌తో నేరుగా లెక్క కలపమని ఏళ్ల తరబడి అడిగింది వీళ్లే. అంటే నేరు దిగుమతిని ఈ ఇద్దరూ కోరారు, ఒకరు దయకోసం, ఒకరు కట్టుదిట్టంకోసం. ఫ్యూచర్ చట్టం రెండు పార్టీల ఓట్లతో సాఫీగా గట్టెక్కడానికి అదే కారణం. అది వచ్చాక రెండు వర్గాలూ దాని నుంచి వేర్వేరు ఫలితాలు ఆశించడానికీ అదే కారణం.

కాలేజీ సహాయ అధికారులది మూడో వాదం. అంకె సరైనదే అయినా ఇల్లు మారిపోయి ఉండవచ్చంటారు. ఉద్యోగం పోయినా, విడాకులైనా, ఆసుపత్రి ఖర్చులు మీదపడినా లెక్క సవరించే విచక్షణ వాళ్లకి చట్టంలోనే ఉంది, ప్రొఫెషనల్ జడ్జిమెంట్ అంటారు. అలాగే పొంతన లేని సమాచారం కంటపడితే తేల్చకుండా డబ్బు విడుదల చేయకూడదన్న బాధ్యతా ఉంది. ఐఆర్‌ఎస్ నుంచి వచ్చిన అంకెల్ని ఎవరు చూడవచ్చు, ఎలా భద్రపరచాలి అన్న కట్టుబాట్లు మాత్రం వాళ్ల చేతులు కట్టేస్తున్నాయి.

నాలుగోది గోప్యతావాదం. సమ్మతి ఇవ్వకపోతే సాయం లేదన్నప్పుడు దాన్ని సమ్మతి అనవచ్చా అని అడుగుతుంది. పిల్ల అమెరికా పౌరురాలై, తల్లిదండ్రులకి సరైన కాగితాలు లేని ఇళ్లలో ఈ భయం మరీ ఎక్కువ. పన్ను శాఖకీ వలస విభాగానికీ మధ్య 2025 ఏప్రిల్‌లో సమాచార ఒప్పందం కుదిరాక అది ఇంకా పెరిగింది.

పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి రెండు వాదాల తగువు అంకె నిజమా కాదా అన్నదాని మీద. మూడోది ఆ అంకె ఇవాళ్టి ఇంటికి సరిపోతుందా అంటుంది. నాలుగోది ఆ అంకె మీద హక్కు ఎవరిదంటుంది. ఒకరు అడిగినదానికి ఇంకొకరు జవాబు చెప్పడం లేదు, చిక్కు అక్కడే పడింది.

5ఎ, 5బి గడీలు

దిగుమతి అంకె ఎలా దారి తప్పుతుందో ఒక్క ఉదాహరణతో చూద్దాం. ఇది చాలా తెలుగు ఇళ్లలో జరిగే సంగతే. ఐటీ ఉద్యోగి కంపెనీ మారినప్పుడు, పాత కంపెనీలోని 401(కె) రిటైర్మెంటు సొమ్ముని తన సొంత రిటైర్మెంటు ఖాతా అయిన ఐఆర్ఏకి మళ్లిస్తారు. రోలోవర్ అంటారు. పైసా చేతికి రాదు, పన్నూ పడదు. 60,000 డాలర్లు మళ్లించారనుకుందాం. పన్ను రిటర్ను వేసే 1040 ఫారంలో 5ఎ గడీలో 60,000 పడుతుంది. పన్ను పడే భాగం రాసే 5బి గడీలో సున్నా. పక్కన రోలోవర్ అని గుర్తు.

ఫాఫ్సాకి వచ్చేది అంకెలే, ఆ గుర్తు రాదు. 5ఎ లోంచి 5బి తీసేస్తే మిగిలే 60,000ని, పన్ను పడని పెన్షన్ ఆదాయంగా లెక్క చూస్తుంది. రోలోవర్ ఎంతో విడిగా చెప్పమని ఫాఫ్సాలో ఒక ప్రశ్న ఉంది. దాన్ని ఖాళీగా వదిలితే ఆ ఇంటికి 60,000 డాలర్ల లేని ఆదాయం వచ్చి చేరుతుంది. తల్లిదండ్రుల వాటా లెక్కలో గరిష్ఠ రేటు 47 శాతం. అంటే ఇండెక్స్ 28,200 డాలర్ల దాకా పెరగవచ్చు. పెల్ గ్రాంటు రాని ఇంటికి కూడా, కాలేజీ సొంత నిధుల నుంచి ఇచ్చే సాయం అంత మేరకి తగ్గవచ్చు.

ఇక్కడ ఐఆర్‌ఎస్ తప్పు చేయలేదు, కుటుంబం అబద్ధం చెప్పలేదు. అంకె అక్షరాలా నిజం, దాని నుంచి తీసిన అర్థమే తప్పు. తెర మీద 60,000 కనపడి ఉంటే ఆ ఇంటావిడ క్షణంలో పట్టుకునేది. సరిచూడటమంటే మోసం పట్టుకోవడమే అనుకుంటే ఈ తప్పు ఎవరికీ చిక్కదు. అంకెకి అర్థం చెప్పగలిగేది ఆ ఇంటివాళ్లే అనుకుంటే, వాళ్లకి చూపించకపోవడం ఈ వ్యవస్థలో అన్నిటికన్నా పెద్ద లోపం.

లెక్కకి అందేవి, అందనివి

మనవాళ్ల పరిస్థితి దగ్గరికొస్తే ముందు ఒక మాట. ఎఫ్-1 వీసా మీద ఎంఎస్‌కి వెళ్లిన పిల్లలకి ఫాఫ్సా వర్తించదు. హెచ్-4 మీద ఉన్న పిల్లలకీ అంతే. పౌరులకి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకి, మరికొన్ని వర్గాలకి మాత్రమే. హైదరాబాదులో పుట్టిన అక్కకి లేని అర్హత డల్లాస్‌లో పుట్టిన తమ్ముడికి ఉన్న ఇళ్లు ఎన్నో.

అర్హత ఉన్న ఇళ్లలోనూ దిగుమతి అందరికీ ఒకేలా పనిచేయదు. భార్యాభర్తలు ఉమ్మడి రిటర్ను వేసి, జీతం తప్ప వేరే రాబడి లేకపోతే అంతా సాఫీ. ఒకరి సమ్మతి చాలు. గ్రీన్‌కార్డు మీద ఈమధ్యే వచ్చిన కుటుంబం సంగతి వేరు. 2026-27 ఫాఫ్సాకి 2024 పన్ను వివరాలు కావాలి. ఆ ఏడు వాళ్లు విజయవాడలోనో వరంగల్‌లోనో ఉన్నారు, ఐఆర్‌ఎస్ దగ్గర వాళ్ల చిట్టా లేదు. ఇండియా ఆదాయాన్ని డాలర్లలోకి మార్చి చేత్తో నింపాలి. మన రిటర్ను ఏప్రిల్ నుంచి మార్చి దాకా, అక్కడిది జనవరి నుంచి డిసెంబరు దాకా. అందుకే కాలేజీ అధికారి సందేహంగా చూసేదీ, కాగితాలు అడిగేదీ ఎక్కువగా ఇలాంటి దరఖాస్తులకే.

ఆస్తులు మరీ విచిత్రం. జీతం చివరి డాలరు దాకా పన్ను శాఖ నుంచి వస్తుంది. ఆస్తి మాత్రం దరఖాస్తుదారు నోటిమాట. కేంద్ర తనిఖీ జాబితాలో ఆస్తుల గడీలు లేవు. విదేశంలోని ఆస్తి కూడా చూపాలన్నది నిబంధన. తెలుగు జిల్లాల్లో ఎకరం ధర ఎక్కడికి పోయిందో తెలిసినవాళ్లకి ఆ గడీ బరువు తెలుస్తుంది. 2024-25లో కుటుంబ పొలాలకి ఉన్న మినహాయింపు తీసేశారు. 2025 జూలై చట్టంతో 2026-27 నుంచి మళ్లీ ఇచ్చారు, అయితే కుటుంబం నివసించే పొలానికే. గుంటూరు జిల్లాలో కౌలుకిచ్చిన పొలం అందులోకి రాదు. సులువుగా దొరికే జీతాన్ని నాలుగు వైపుల నుంచీ పట్టుకుని, దొరకని ఆస్తిని వదిలేసే తనిఖీ, జీతగాడినే ఎక్కువ పారదర్శకుణ్ణి చేస్తుంది. ప్రైవేటు విశ్వవిద్యాలయాలు చాలావాటికి ఇది తెలుసు. అందుకే అవి సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే వేరే ఫారం పెట్టి, రిటర్ను నకళ్లు, డబ్ల్యూ-2లు ఇప్పటికీ తెప్పించుకుంటున్నాయి.

తేలనివి

ఆదాయం అంకెలు ఐఆర్‌ఎస్ నుంచి రావడం మొదలయ్యాక మోసం కూడా చోటు మార్చింది. ఇప్పటి దొంగ తక్కువ ఆదాయం చూపించడు, లేని విద్యార్థిని చూపిస్తాడు. కమ్యూనిటీ కాలేజీల ఆన్‌లైన్ తరగతుల్లో చేరి, సాయం అందగానే మాయమయ్యే వీళ్లని దెయ్యం విద్యార్థులంటున్నారు. 2025 జూన్‌లో విద్యాశాఖ ఆ వేసవికి మొదటిసారి దరఖాస్తు చేసేవారిలో సుమారు 1,25,000 మందికి గుర్తింపు తనిఖీ పెట్టింది. ఆదాయ తనిఖీ బరువు తగ్గితే, ఆ బరువు ఇప్పుడు గుర్తింపు మీద పడుతోంది. కాపలాదారుల వాదం దీనితో బలపడింది. అయితే ఆ బలం మనిషి ఉన్నాడా లేడా అన్న ప్రశ్నకే సరిపోతుంది, ఉన్న మనిషి జీతం మళ్లీ అడగడానికి సరిపోదు.

ముసుగు సంగతీ తేలలేదు. 2017లో దొంగ ఇంకొకరి పేరుతో లోపలికి రాగలిగాడు. ఇప్పుడు తల్లి, తండ్రి, విద్యార్థి ఎవరి ఖాతా వాళ్లు వేరుగా తెరవాలి, గుర్తింపు సరిపోలాలి. అలా లోపలికొచ్చిన మనిషికి తన అంకెలు తనకి చూపించడంలో ప్రమాదం ఎంత, లాభం ఎంత అన్నది బేరీజు వేయాల్సిన సమయమిది. కనీసం పన్ను పడని పెన్షన్ గడీలో సున్నా కాక ఇంకేదైనా వస్తే, ఇది రోలోవరా అని ఆగి అడిగితే చాలు, సగం తిప్పలు తగ్గుతాయి. ఈలోగా కుటుంబాలు చేయగలిగింది, తమ 1040 నకలు పక్కన పెట్టుకుని విడి ప్రశ్నలన్నిటికీ జవాబు రాయడం, ఇండెక్స్ అనుకున్నదానికన్నా ఎక్కువొస్తే కాలేజీ సహాయ కార్యాలయాన్ని రాతపూర్వకంగా అడగడం.

కాలంతో వచ్చే తేడా సంగతి మిగిలింది. 2024లో పూర్తి జీతం, 2025లో లేఆఫ్. ఆ ఇంటి నుంచి 2026లో కాలేజీకి వెళ్లే పిల్లకి వచ్చేది పాత జీతం అంకె, అదీ తనిఖీ అయిపోయిందన్న ముద్రతో. దాన్ని సవరించే విచక్షణ కాలేజీ అధికారిదే, ఆ నిర్ణయం మీద విద్యాశాఖకి అప్పీలు లేదు. ఆ పిల్ల రెండు కాలేజీలకి అవే లేఆఫ్ కాగితాలు పంపితే, ఒకటి ఆదాయం తగ్గించి లెక్క కట్టవచ్చు, ఇంకొకటి నిరుద్యోగ భృతి కాగితం కూడా తెమ్మనవచ్చు.